పాల కేంద్రం యాప్: ఫోర్‌గ్రౌండ్ సర్వీసా, వర్క్‌మేనేజరా?

కొత్తపలక: మాది ఆండ్రాయిడ్‌లో పాల సేకరణ యాప్. రైతు పోసిన లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) ముందు ఫోన్‌లో సేవ్ అవుతాయి. సిగ్నల్ రాగానే సర్వర్‌కి వెళ్లాలి. దేనితో చేయమంటారు?

రాత్రిడ్యూటీ: ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ పెట్టండి, అంటే నోటిఫికేషన్ చూపిస్తూ వెనకాల నడుస్తూనే ఉండే పని. ఇంకో ఆలోచన వద్దు. పని అప్పగిస్తే వీలు చూసి ఆండ్రాయిడే నడిపించే వర్క్‌మేనేజర్‌ని నమ్మి నేను మునిగాను. కొన్ని ఫోన్లలో రీసెంట్స్‌లోంచి (ఈమధ్య వాడిన యాప్‌ల జాబితా) స్వైప్ చేస్తే ఫోర్స్ స్టాప్ చేసినట్టే, అంటే యాప్‌ని బలవంతంగా ఆపేసినట్టే, పని ఆగిపోతుంది. నెలాఖరున క్లయింట్ ముందు నిలబడి మాటలు పడింది నేను.

వేపచెట్టు: వర్క్‌మేనేజర్‌లో పీరియాడిక్ వర్క్‌కి, అంటే మళ్లీ మళ్లీ నడిచే పనికి, కనీసం 15 నిమిషాల గ్యాప్ ఉండాలి. గుర్తుంచుకోండి.

చిన్నఅడుగు: పీరియాడిక్ ఎవరడిగారు? ఎంట్రీ సేవ్ అవగానే వర్క్‌మేనేజర్‌లో ఒక్కసారి నడిచే వన్‌టైమ్ వర్క్ వేసి, నెట్‌వర్క్ ఉండాలని కండిషన్ పెడితే చాలు. ఫోన్ రీస్టార్టయినా ఆ పని పోదు. రాత్రిడ్యూటీ అన్నా, ఫోర్స్ స్టాప్ అయితే మీ సర్వీసూ ఆగుతుంది కదా? పైగా ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేస్తే డేటాసింక్ రకం (డేటా పంపే) ఫోర్‌గ్రౌండ్ సర్వీసు వెనకాల నడిచేది 24 గంటల్లో మొత్తం 6 గంటలే.

రాత్రిడ్యూటీ: యాప్ తెరిస్తే ఆ 6 గంటల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పూటపూటా తెరుస్తూనే ఉంటారు. మీరు ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్) చూసి చెప్తున్నట్టుంది.

వేపచెట్టు: 15 నిమిషాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

చిన్నఅడుగు: ఎమ్యులేటర్ కాదన్నా. మా నాన్న రోజూ పాలు పోసే రైతు. ఆ కేంద్రంలో ఉన్నది పాత ఫోన్, యాప్ రోజంతా వెనకాల నడిచేది. సాయంత్రానికి చార్జింగ్ అయిపోతే చీటీ మీద రాసి, మర్నాడు ఎక్కించేవారు. మా గేదె పాల ఫ్యాట్ 6.8 కాస్తా 6.3 అయింది. అడిగితే చీటీ లేదన్నారు.

రాత్రిడ్యూటీ: అది తప్పే. కానీ నన్ను క్లయింట్ అడిగింది సూపర్‌వైజర్ స్క్రీన్ మీద నిమిషనిమిషానికీ మారే లెక్క. అరగంట లేటైతే నాకు ఫోన్ వచ్చేది.

చిన్నఅడుగు: అదన్నమాట! మీరు సూపర్‌వైజర్ కోసం కట్టారు, నేను రైతు కోసం అడుగుతున్నాను. సూపర్‌వైజర్‌కి అరగంట లేటైతే ఎవరి డబ్బు పోతుంది?

కొత్తపలక: మా దగ్గర బిల్లు 10 రోజులకోసారి. నిమిషాల తొందర లేదు. వన్‌టైమ్ వర్క్‌తోనే వెళ్తాను. ఇంకా పంపని ఎంట్రీలెన్నో స్క్రీన్ పైన ఎర్రగా చూపిస్తాను.

రాత్రిడ్యూటీ: అది సున్నా అయ్యేదాకా లాగౌట్ ఇవ్వకండి. మేం ఆ ఒక్కటీ పెట్టలేదు.