నాన్నగారి వయొలిన్ ఉన్న మినీడిస్కులోనే అమ్మ పాట రికార్డు చేయవచ్చా?

బ్రాడీపేట నుంచి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా నాన్నగారు రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ సాయంత్రాలు వయొలిన్ వాయించేవారు. 2001లో మా బావగారు సింగపూరు నుంచి వస్తూ సోనీ మినీడిస్కు రికార్డరు (ప్లాస్టిక్ డొప్పలో ఉండే చిన్న డిస్కు మీద రికార్డు చేసే యంత్రం) ఒకటి, చిన్న మైకు ఒకటి, నాలుగు ఖాళీ డిస్కులు తెచ్చి ఇచ్చారు. నాన్నగారు వాటిలో రెండింటిలోకి పాత క్యాసెట్లు ఎక్కించుకున్నారు. మూడోదానిలో 2003 దసరా సెలవుల్లో తానే వాయించి రికార్డు చేసుకున్నారు. మోహన ఆలాపన, రెండు కృతులు, చివర ఆనందభైరవి. మొత్తం 52 నిమిషాలు. నాలుగోది కవరు విప్పకుండానే ఉంది. ఆయన 2009లో పోయారు.

పోయిన నెల బీరువా సర్దుతుంటే ఇవన్నీ బయటపడ్డాయి. లోపలి బ్యాటరీ చచ్చిపోయింది కానీ, పక్కన తగిలించే డొప్పలో మామూలు పెన్సిల్ బ్యాటరీ వేస్తే యంత్రం తిరిగింది. వంటింట్లో ఉన్న అమ్మ చేతులు తుడుచుకోకుండానే వచ్చి కూర్చుంది. ఆనందభైరవి అయిపోయాక, "ఇందులో ఇంకా ఎంత ఖాళీ ఉంది?" అని అడిగింది. 22 నిమిషాలని చెప్పాను. "ఆయన వెనకే నేను కూడా పాడతాను, అందులోనే పెట్టు" అంది. అమ్మకు 76 ఏళ్లు. మంగళహారతులు, లాలి పాటలు, తరంగాలు ఇప్పటికీ చూడకుండా పాడుతుంది.

క్యాసెట్ల డిస్కు ఒకదానిలో చివర ప్రయత్నించి చూశాను. హాల్లో టీపాయ్ మీద రికార్డరు, పక్కనే మైకు, పక్కనే శ్రుతి పెట్టె. వింటే ఫ్యాను గాలి, ఫ్రిజ్ మోత. అమ్మ ఊపిరి తీసుకున్న ప్రతిచోటా శ్రుతి పెట్టె మీదికి వచ్చి పడుతోంది. అన్నిటికంటే మధ్యలో టిక్ టిక్ మని ఏదో చప్పుడు. ఎలా చేస్తే బాగుంటుందో చెప్పండి. నాన్నగారి డిస్కు మీద నేరుగా రికార్డు చేయవచ్చా?

సత్యనారాయణపురం నుంచి

ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు. చేయవద్దు. ఇది చదవగానే లేచి వెళ్లి ఆ డిస్కు అంచున ఉన్న చిన్న మీటను గోటితో జరపండి. చిన్న కన్నం తెరుచుకుంటుంది. అది తెరిచి ఉన్నంతసేపు ఏ యంత్రమూ దానిమీద రాయలేదు. తరువాతే మిగతాది చదవండి.

నేను 1981 నుంచి విజయవాడ రేడియో కేంద్రంలో రికార్డింగు పని చేసి రిటైరయ్యాను. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. మినీడిస్కులో సంగీతం ఒకచోట ఉంటుంది, ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే విషయసూచిక మరోచోట ఉంటుంది. రికార్డింగు ఆపిన తరువాతే యంత్రం ఆ సూచికను తిరగరాస్తుంది. తెరమీద 'టాక్ ఎడిట్' అని మెరిసేది అప్పుడే. ఆ నాలుగు క్షణాల్లో పాతికేళ్ల యంత్రం ఆగినా, బ్యాటరీ అయిపోయినా సూచిక చెడిపోవచ్చు. డిస్కులో సంగీతం ఉన్నా యంత్రానికి దారి తెలియదు. ఇంకో ప్రమాదం ఉంది. చాలా పాత మోడళ్లలో 'ఎండ్ సెర్చ్' నొక్కి చివరికి వెళ్లకుండా రికార్డు మీట నొక్కితే, ఆగిన చోటనుంచే పాతదాన్ని చెరిపేస్తూ పోతుంది.

డిస్కు దానంతట అది చెడిపోతుందని మాత్రం భయపడకండి. అది గట్టి వస్తువు. లేజరు ఒక చుక్కను సుమారు 180 డిగ్రీల దాకా వేడి చేసినప్పుడే అయస్కాంతం దానిమీద రాయగలదు. అందుకే ఇరవైకి పైగా రోహిణీ కార్తెలు మీ బీరువాలో గడిపినా మోహన మోహనలాగే ఉంది.

ఇప్పుడు చేయవలసిన పని. రెండు వైపులా పిన్ను ఉండే స్టీరియో తీగ కొనండి. రికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి డెస్క్‌టాప్ కంప్యూటరు వెనుక ఉండే నీలిరంగు రంధ్రానికి (లైన్ ఇన్) కలపండి. ల్యాప్‌టాప్‌లో సాధారణంగా మైకు రంధ్రమే ఉంటుంది, అది పనికిరాదు. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకోవాలి. రికార్డరులో బాస్ పెంచే మీట ఆపేయండి. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో రికార్డు చేసి వేవ్ ఫైలుగా దాచండి. 52 నిమిషాల సంగీతానికి 52 నిమిషాలూ పడుతుంది, కూర్చుని వినండి.

తరువాత అమ్మగారి కోరిక. కంప్యూటరు నుంచి అదే తీగతో వెనక్కి, రికార్డరు లైన్ ఇన్‌లోకి, మీ దగ్గరున్న ఆ నాలుగో డిస్కులోకి నాన్నగారి వయొలిన్ ఎక్కించండి. దాని వెనక అమ్మగారు పాడతారు. మైకుతో పాడేటప్పుడు మోనో పద్ధతి పెట్టుకుంటే 22 నిమిషాల ఖాళీ 44 అవుతుంది. ఒక్క గొంతుకు స్టీరియో అవసరం లేదు. ఆ డిస్కు జాగ్రత్త. ఖాళీ మినీడిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది.

మీరు విన్న టిక్ టిక్ రికార్డరుదే. అది డిస్కును ఆగి ఆగి తిప్పుతుంది. మైకును కనీసం ఐదడుగుల దూరానికి తీసుకుపోండి, రికార్డరును మడిచిన తువ్వాలు మీద పెట్టండి. శ్రుతి పెట్టె మీదికి రావడానికి కారణం, యంత్రం స్థాయిని తానే పెంచి తగ్గించడం. రికార్డింగును నిలిపి ఉంచిన స్థితిలో మాన్యువల్ ఎంచుకుని, అమ్మగారి చేత తారస్థాయి పాడించి, మీటరు చివరి గడి వెలగనంతలో స్థాయి ఉంచి ఇక దాన్ని ముట్టుకోకండి. హాలు వద్దు. బట్టల బీరువా ఉన్న పడకగదిలో నేలమీద జంఖానా పరిచి, బీరువా తలుపులు తెరిచి, ఎదురు గోడకు రెండు బొంతలు వేలాడదీయండి. మైకు నోటికి అడుగున్నర దూరంలో, గడ్డం ఎత్తులో, కొంచెం పక్కకు. ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడల్లా దెబ్బ కొట్టినట్టు వినిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు పెట్టుకుంటే ఫ్యాను లేకుండా గడిచిపోతుంది.

పటమట నుంచి

అంత కష్టం ఎందుకండీ? ఇప్పటి ఫోనులో రికార్డు చేస్తే సరిపోతుంది కదా. నేను మా తాతగారి పద్యాలు అలాగే చేశాను, బాగా వచ్చాయి.

సత్యనారాయణపురం నుంచి

పద్యాలకు బాగానే ఉంటుంది బాబూ. పాటకు ఒక చిక్కు ఉంది. కొన్ని ఫోన్లు మార్పులేకుండా మోగే చప్పుడును అనవసరమైనదిగా లెక్కగట్టి తగ్గించేస్తాయి. తంబురా నాదం సరిగ్గా అలాంటిదే. గొంతు మిగిలి శ్రుతి మాయమైతే ఆ పాట గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. చప్పుడు తగ్గించే ఏర్పాటు ఆపగలిగితే, రెండో ప్రతిగా ఫోనును కూడా పక్కన పెట్టుకోవడం మంచిదే. అయినా ఆవిడ అడిగింది ఆయన డిస్కులో చోటు.

మొగల్రాజపురం నుంచి

నేను పిల్లలకు సంగీతం చెబుతాను. యంత్రాల సంగతి పెద్దాయన చెప్పారు. పాడే మనిషి సంగతి నేను చెబుతాను అన్నయ్యగారూ. 76 ఏళ్ల గొంతును తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి పాడించకండి, అప్పుడు గొంతు బిగుసుకుని ఉంటుంది. లేచి మూడు నాలుగు గంటలు మాట్లాడుతూ తిరిగాక తెరుచుకుంటుంది. ఒకప్పుడు ఐదున్నర శ్రుతికి (అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి) పాడి ఉంటారు. ఇప్పుడు నాలుగున్నరో, నాలుగో అయినా ఫరవాలేదు, ఆవిడనే ఎంచుకోనివ్వండి. నాన్నగారి శ్రుతికే పాడాలని పట్టుబడితే పై షడ్జం దగ్గర గొంతు తెగుతుంది, ఆ బాధ రికార్డులో ఉండిపోతుంది. శ్రుతి పెట్టెను ఆవిడ వెనక, చెవికి వినిపించేంత దూరంలో ఉంచండి. ఇంకొక మాట. "ఇప్పుడు రికార్డవుతోంది" అని చెప్పకండి. ముందే మీట నొక్కి, మంచినీళ్లు ఇచ్చి, కబుర్లు చెప్పండి. మొదటి పాట వదిలేయండి. రెండోదే పాట.

బ్రాడీపేట నుంచి

మీట ఆ రోజే జరిపాను. పది రోజులు పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు పక్కనే కూర్చుని విన్నాను. రెండో కృతికి ముందు నాన్నగారు బిరడా తిప్పి తీగ సరిచేసుకోవడం, "కాఫీ తరువాత" అని ఎవరితోనో అనడం ఉంది. ఆ రెండు మాటలు అంతకుముందు నా చెవిన పడలేదు. ఫైలును రెండు చోట్ల దాచాను, ఒకటి మా చెల్లెలి దగ్గర ఉంది.

తెల్లవారుజాము ఎలాగూ కుదరలేదు. ధనుర్మాసం కదా, గుడి మైకు ఐదు కాకముందే మొదలవుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు పెట్టుకున్నాం. మాకు స్టేషను దగ్గర కాబట్టి రైలు కూత రెండుసార్లు పడింది, ఆ రెండు పాటలు మళ్లీ పాడింది. అమ్మ ముందు ఐదున్నరే కావాలంది. రెండు చరణాలు పాడి, తానే పెట్టె దించింది, నాలుగున్నరకు. బొంతల గదిలో శ్రుతి కదలకుండా నిలబడింది. టిక్ టిక్ లేదు. ఆపిన తరువాత 'టాక్ ఎడిట్' ఆగేదాకా రికార్డరు మీద చేయి వేయలేదు.

రాత్రి భోజనాలయ్యాక మొదటినుంచి పెట్టాను. ఆనందభైరవి ముగిసి, కాస్త నిశ్శబ్దం తరువాత అమ్మ హారతి వచ్చింది. శ్రుతి తేడా తెలుస్తోంది. అమ్మ కూడా గమనించి, "ఆయన ఉంటే నాకోసం దించి వాయించేవారు" అంది.

44 నిమిషాల్లో 14 అయ్యాయి. ఇంకా అరగంట ఉందని చెప్పాను. మా నాయనమ్మ పాడే లాలి ఒకటి ఉందట, మూడో చరణం గుర్తు రావడం లేదని తెనాలిలో ఉన్న పిన్నికి ఫోను చేస్తోంది.