29 ఏళ్లుగా ఒకే గుట్ట: ఇది ప్రేమా, భయమా?

కొత్తతాడు:
నేను క్లైంబింగ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. ముందు ఇండోర్ గోడ మీద నేర్చుకున్నాను. ఆరు నెలల నుంచి ఆదివారాలు హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టకు వెళ్తున్నాను. అక్కడ ఒక పెద్దాయన ప్రతివారం కనిపిస్తారు. 1996 నుంచి ఈ గుట్ట తప్ప ఇంకోటి ఎక్కలేదట. కర్ణాటకలో క్లైంబర్లు వెళ్లే హంపికి వెళ్లలేదు, బాదామికి వెళ్లలేదు. యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న భువనగిరికి కూడా ఒక్కసారే వెళ్లి, తాడు విప్పకుండానే తిరిగొచ్చారట. ఎందుకని అడిగితే "ఇదే ఇంకా అయిపోలేదు" అన్నారు. నాకా మాట వారం నుంచి వదలడం లేదు. మా బ్యాచ్‌లో సగం మంది మాత్రం ఆయన భయపడుతున్నారని అంటున్నారు. ఇక్కడ సీనియర్లు ఏమంటారు?

బాటసారి:
ఆయనెవరో నాకు తెలుసు. 2003లో నాకు తాడుకు ఎనిమిది అంకె ఆకారపు ముడి వేయడం నేర్పింది ఆయనే. కాబట్టి గౌరవంతోనే చెబుతున్నాను: భయమే.

ఖాజాగూడ రాయి మొత్తం గ్రానైట్. అది నేర్పేది ప్రధానంగా పాదం మీద నమ్మకం. స్లాబ్ (వాలు బండ) మీద షూ అడుగు పూర్తిగా ఆనించి, మడమ దించి నిలబడటం. మంచి విద్యే, కాదనను. కానీ నేను బాదామి వెళ్లిన మొదటి రోజు ఏడుపొచ్చింది. అది ఎర్ర ఇసుకరాయి. గోడ నిటారుగా ఉంటుంది, వేళ్లతో వేలాడాలి. ఏడేళ్లు ఎక్కానని అనుకున్నవాణ్ని, కొత్తగా వచ్చిన కాలేజీ పిల్లల పక్కన తేలిపోయాను. అప్పుడర్థమైంది, నాకు వచ్చింది క్లైంబింగ్ కాదు, ఖాజాగూడ మాత్రమేనని. ఫ్రెడ్ బెకీ అని అమెరికాలో ఒక పెద్ద క్లైంబర్ ఉండేవాడు. 2017లో 94 ఏళ్ల వయసులో పోయాడు. చివరిదాకా కారులో సామాను వేసుకుని కొత్త కొండలు వెతుక్కుంటూ తిరిగాడు. ప్రేమంటే అది. రాని పని ఎదురవుతుందని తెలిసి కూడా వెళ్లడం.

పొద్దుటి_ఎండ:
బాటసారి గారితో ఏకీభవిస్తాను.

సున్నపుచేతులు:
నేను ఏకీభవించను. అమెరికా క్లైంబర్ అలెక్స్ హోనాల్డ్ 2017లో తాడు లేకుండా అక్కడి ఎల్ క్యాపిటన్ కొండ గోడ ఎక్కింది ఊళ్లు తిరిగి కాదు. మూడువేల అడుగుల గోడను తాడుతో పదేపదే ఎక్కి, పట్టూ పట్టూ కంఠతా పట్టాక ఎక్కాడు. ఒక రాయిని తెలుసుకోవడానికి అంత కాలం పడుతుంది.

బాటసారి:
హోనాల్డ్ ప్రపంచమంతా ఎక్కి వచ్చి ఆ గోడ మీద కూర్చున్నాడు. తేడా అదే.

గుట్టకాపు:
కొత్తతాడు తమ్మీ, నువ్వు చెప్పేది నా గురించే. ఎవరో చెప్తే చూశాను.

1996లో మొదటిసారి పైకెక్కి చుట్టూ చూస్తే గుట్టలే ఉండేవి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు, నడుమ సీతాఫలం పొదలు, కింద చెరువు. ఇప్పుడు అక్కడే నిలబడితే కళ్లకు అద్దాల మేడలే తగులుతాయి. నేను చేత్తో ముట్టి ఎక్కిన బండల్లో 14 ఇప్పుడు లేవు. నా దగ్గర నోట్‌బుక్ ఉంది, ఏ బండ ఏ సంవత్సరం పోయిందో రాసుకున్నాను. బేర్స్ నోజ్, మష్రూమ్ రాక్ లాంటి బండలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయంటే, 1996లోనే కొందరు సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకుని తిరిగారు కాబట్టి. జాబితాలో లేనివాటికి దిక్కెవరు? రోజూ వెళ్లి చూసేవాళ్లే.

ఈ రాయి వయసు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఉన్నప్పుడే పగుళ్ల వెంట నీళ్లు దిగి మూలలు అరిగాయి. పైమట్టి కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. ఇప్పటికీ ఉల్లిపొరల్లా పొరలు లేస్తూనే ఉంటాయి. చెరువు వైపు స్లాబ్ మీద ఒక పొర ఉండేది, తడితే డొల్లగా మోగేది. నాలుగేళ్లు దాని మోత వింటూ పక్కనుంచి ఎక్కాను. ఒక వానాకాలం తర్వాత వెళ్తే రాలిపోయి ఉంది. దాని కింద లేత గులాబీ రంగు రాయి, గాలి తగలనిది, చెయ్యి పెడితే చక్కెరలా గరుకు. ఆ రాయిని మొదట ముట్టిన చెయ్యి నాది. డిసెంబర్‌లో పొద్దున ఏడింటికి నిలిచే పాదం ఏప్రిల్‌లో తొమ్మిదింటికి నిలవదు. అదే మనిషి, అదే షూ, అదే బండ. బాటసారి దీన్ని "ఒకటే విద్య" అంటున్నాడు. అతను ఇక్కడ ఏడు చలికాలాలు చూశాడు, నేను 29 చూశాను.

1997లో చెరువు వైపు పెద్ద బండను పగలగొట్టకుండా ఆపినవాళ్లలో నేనొకణ్ని. దాని మీదే 1998లో "ఒంటికన్ను" అనే రూటు (ఎక్కే దారి) ఎక్కాను. హంపికి వెళ్లి ఉంటే ఆ బండ ఉండేది కాదు.

ఇసుకగడియారం:
"ఒంటికన్ను" ఎక్కడానికి నాకు మూడు చలికాలాలు పట్టింది. ఆ కన్నులో, అంటే బండ ముఖం మీది ఒకే ఒక్క గుంతలో, రెండు వేళ్లు దూరినప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

బాటసారి:
ఆ కన్ను గురించే అడగాలి. అది సహజమైన పట్టు కాదు. గ్రానైట్‌లో అలాంటి గుంత రాదు. అంచులు నలుచదరంగా ఉన్నాయి. ఉలితో చెక్కిన పట్టు అది. క్లైంబింగ్‌లో అంతకంటే తప్పు పని లేదు. రాయి ఎలా ఉంటే అలా ఎక్కాలి, రాకపోతే దిగిపోవాలి. రాయి మీద ప్రేమ గురించి అంత రాసిన మనిషి ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పాలి.

గుట్టకాపు:
నేను చెక్కలేదు. నేను ఎక్కేసరికే ఉంది.

బాటసారి:
ఎవరు చెక్కారు మరి?

గుట్టకాపు:
29 ఏళ్లలో ఒక్కసారి కూడా ఇనుప బ్రష్ రాయికి తగలనివ్వలేదు. పాచి పట్టినచోట పళ్ల బ్రష్, నీళ్లు. అంతే. నన్ను అడిగే ముందు అది గుర్తుంచుకోవాల్సింది.

బాటసారి:
నేను అడిగింది బ్రష్ గురించి కాదు.

సున్నపుచేతులు:
నా దగ్గర 2011 ఫోటో ఉంది. అప్పుడూ ఆ గుంత ఇలాగే ఉంది.

బాటసారి:
1998లో చెక్కింది 2011లో ఉండక ఎక్కడికి పోతుంది?

పొద్దుటి_ఎండ:
నీళ్లు నిలిచి కూడా గుంతలు పడతాయి కదా?

బాటసారి:
పడతాయి. బండ పైన చదునుగా ఉన్నచోట, గుండ్రంగా. నిలువు ముఖం మీద నీళ్లెలా నిలుస్తాయి?

కొత్తతాడు:
నేను అడిగింది ఇది కాదండి. దయచేసి వదిలేయండి.

గుట్టకాపు:
వదలడం దేనికి? అతని బాధ గుంత గురించి కాదు. అది అందరికీ తెలియాలి. 2009లో పక్క గుట్టకు రాయి తొలిచే కంప్రెసర్లు వచ్చాయి. నెల రోజులు పేల్చారు. నేను పన్నెండు మందికి ఫోన్ చేశాను, వచ్చి నిలబడండి, అడుగుదాం అని. అందరికీ తాడు కట్టడం నేర్పింది నేనే. వచ్చింది ఇద్దరు. బాటసారి రాలేదు. మూడు వారాల తర్వాత డెన్వర్ నుంచి ఈమెయిల్ పంపాడు, కొత్త కొండ ముందు నిలబడిన ఫోటోతో. వెళ్లినవాళ్లకు ఉండిపోయినవాణ్ని పిరికివాడనే హక్కు లేదు.

బాటసారి:
అన్నా, ఆ నెల మా అమ్మకు డయాలసిస్ మొదలైంది. మీకు చెప్పాను. మీరు వినలేదు. మీకు గుట్ట తప్ప ఏదీ వినిపించేది కాదు. నేను డెన్వర్ వెళ్లింది కొండల కోసం కాదు, ఆసుపత్రి అప్పు తీర్చడానికి. 16 ఏళ్ల నుంచి మీరు నన్ను పారిపోయినవాణ్ని చేసి చెబుతున్నారని నాకు తెలుసు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడూ ఆ కథ విన్నాకే నాకు పరిచయమవుతాడు. "అందరూ పోయారు, నేనే ఉన్నా." అది గుట్ట మీద ప్రేమ కాదు. గుట్టను అడ్డం పెట్టుకుని మనుషుల లెక్క రాసుకోవడం. ఆ నోట్‌బుక్‌లో పోయిన బండల పక్కన మా పేర్లు కూడా ఉన్నాయేమో చూసుకోండి.

ఇసుకగడియారం:
ఇద్దరూ ఆగండి.

భువనగిరి_బస్సు:
మధ్యలో ఒక్కమాట. గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లు మొదట నేర్చుకున్నది మా భువనగిరి బండ మీద. ఒకచోట మొదలై ఇంకోచోటికి వెళ్లడం ద్రోహం కాదు.

ఉలి_దెబ్బ:
నేను క్లైంబర్‌ను కాదు. మా ఆఫీసు కుర్రాడు "ఒంటికన్ను" మీద దిగిన ఫోటో చూపించి ఈ చర్చ పంపాడు. రెండు రోజుల నుంచి చదువుతున్నా. ఆ గుంత ఎవరు చెక్కిన్రో నేను చెప్తా.

మా నాయిన చెక్కిండు. మేం వడ్డెరోళ్లం. 1997 ఎండాకాలం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, రోజూ పది గంటలకు నాయినకు గంజి, నీళ్లు తీసుకపోయేవాణ్ని. రాయి కొట్టడమంటే బలం అనుకుంటరు. కాదు. ముందు రాయి వాటం చూడాలె. చెయ్యి పెట్టి, నీళ్లు చల్లి, అది ఎటు చీలాలనుకుంటుందో చూడాలె. తర్వాత జానెడు జానెడు దూరంల వరసగా గుంతలు చెక్కి, ఇనుప చీలలు దింపి, సమ్మెటతోని ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంట పోవాలె. చీల మోత మారుతది. మోత మారినంక ఇంకొక్క దెబ్బ కొట్టి ఆగాలె, రాయి దానంతట అదే విచ్చుకుంటది. సారు పొర మోగుతుంటే నాలుగేళ్లు విన్నా అన్నరు. మా నాయిన మోత విని బువ్వ తిన్నడు.

వరస పూర్తి కాకముందే మనుషులొచ్చిన్రు. ఎవరో చదువుకున్నోళ్లు కాయితం పెట్టిన్రట, బండలు ఖరాబు చేస్తున్నరని. సమ్మెట, చీలలు, గునపం అన్నీ ఎత్తుకపోయిన్రు. అవి మా తాత సమ్మెటలు. మళ్లా ఇయ్యలే. తర్వాత నాయిన క్రషర్ల కూలికి పోయిండు. ఆ దుమ్ముకు ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసం. చేత్తో కొట్టేటోన్ని ఆపడం అల్కగైంది. 2009ల కంప్రెసర్లోళ్లను ఎవరు ఆపిన్రు?

బండలు ఉండాలె, నేను వద్దంటలేను. 2025 ఏప్రిల్‌ల కంచ గచ్చిబౌలి చెట్లు కొడుతుంటే నేను కూడా పోయి నిలబడ్డ. కానీ గుట్టకాపు సారు, "ఎవరు చెక్కారు" అని మిమ్మల్ని అడిగితే మీరు బ్రష్ గురించి చెప్పిన్రు. మీకు తెల్వదా?

బాటసారి:
నాకు తెలియదు. ఉలి గుర్తులు చూసి కూడా, చెక్కింది క్లైంబరే అయ్యుంటాడనుకున్నాను. ఇంకొకరు ఉంటారని తట్టలేదు.

సున్నపుచేతులు:
ఆ కాయితం పెట్టింది ఎవరో తేల్చడం ఇక్కడ అవసరమా?

గుట్టకాపు:
అవసరమే. ఆ కాయితం మీద మూడో సంతకం నాది.

నాకు తెలుసు తమ్మీ. మొదటి రోజు నుంచి తెలుసు. ఆ ఎండాకాలం దూరం నుంచి సమ్మెట చప్పుడు వింటూ పళ్లు కొరుక్కునేవాణ్ని. చప్పుడు ఆగిన రోజు చాలా సంతోషపడ్డాను. ఏడాది తర్వాత ఆ గుంతలో వేళ్లు పెట్టి ఎక్కాను. ఇన్నేళ్లలో ఎంతమంది అడిగినా "ముందే ఉంది" అన్నాను, ఎవరు చేశారో చెప్పలేదు. చెబితే ఆ బండను నేను కాపాడిన కథ ఇంకోలా వినిపిస్తుందని. సామాను పట్టుకెళ్లారని నాకు తెలియదు. కనుక్కోనూ లేదు.

బాటసారీ, మీ అమ్మ సంగతి నువ్వు చెప్పావు. నాకు గుర్తుంది.

బాటసారి:
సరే అన్నా.

కొత్తతాడు:
ఉలి_దెబ్బ గారూ, మీ నాన్నగారు ఆ బండను మళ్లీ చూశారా?

ఉలి_దెబ్బ:
లేదు. అటువైపు బస్సులో పోతే కిటికీ వైపు కూర్చోడు.

గుట్టకాపు:
తమ్మీ, క్షమించమని ఇక్కడ రాయను, అది మీ నాయిన ముందు అడగాల్సింది. ఆయన రానిస్తే వస్తాను. నా చేతిలో ఉన్నది ఒకటి చెబుతాను. కొత్త పిల్లలకు ఇవ్వడానికి నేను రాసిన రూట్ల కాయితం ఉంది. అందులో "ఒంటికన్ను: మొదట ఎక్కింది 1998" అని నా పేరుంది. దాని పైన "1997, చేతి ఉలి" అని మీ నాయిన పేరు రాస్తాను. పేరు నువ్వే చెప్పాలి.

ఉలి_దెబ్బ:
పేరు నాయిన్ని అడిగి చెప్త. రాయమంటడో వద్దంటడో. కానీ ఆ రూటుకు ఒంటికన్ను అని పెట్టిన్రు, అది తప్పు. నాయిన ఆ బండ మీద మూడు చెక్కిండు.

గుట్టకాపు:
మూడా? 29 ఏళ్లుగా ఆ ముఖం మీద నాకు ఒకటే తెలుసు. మిగతా రెండు ఎక్కడ?

ఉలి_దెబ్బ:
ఎడమకు జానెడు దూరంల ఒకటి, ఇంకో జానెడుకు ఇంకోటి. చివరిది సగమే. పాచి కింద ఉంటయి. మెల్లగ చూడండి.