‘మాంటె క్రిస్టో’: ఆల్బర్ట్‌ను ఎడ్మండ్ కొడుకును చేసుడు కథకు మేలా, కీడా?

హన్మకొండ చదువరి
మా చదువరుల కూటమిల వచ్చే నెల డ్యూమా నవల ‘కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ మీద చర్చ ఉన్నది. 2002ల కెవిన్ రెనాల్డ్స్ తీసిన సినిమా కూడ చూపిస్తం. కథ ఇది: ఎడ్మండ్ డాంటెస్‌ను ఫెర్నాండ్, డాంగ్లార్, విల్‌ఫోర్ కలిసి అన్యాయంగ జైలు పాలు చేస్తరు; అతను చేసుకోవాలనుకున్న మెర్సిడెస్‌ను ఫెర్నాండ్ చేసుకుంటడు; ఎడ్మండ్ తప్పించుకొని, కౌంట్ పేరుతోని పగ తీర్చుకొనొస్తడు. నవలల ఆల్బర్ట్ ఫెర్నాండ్, మెర్సిడెస్‌ల కొడుకు. సినిమాల మాత్రం ఎడ్మండ్ డాంటెస్ కొడుకే అని తేలుస్తరు. ఈ మార్పుతోని కథ నిలబడ్డదా, కూలిందా? రెండూ తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జనగామ రవళి
కూలింది. నవలల మెర్సిడెస్ పద్దెనిమిది నెలలు ఎదురుచూసినంకనే ఫెర్నాండ్‌ను చేసుకుంటది. ఆల్బర్ట్ ఎవరి కొడుకన్న అనుమానానికి అక్కడ చోటే లేదు. 88, 89 అధ్యాయాలు దాని మీదనే నిలబడ్డయి. ఆల్బర్ట్ నాటకశాలల నలుగురి ముందట కౌంట్‌ను అవమానిస్తడు, పొద్దున్నే పిస్తోళ్లతోని తేల్చుకుందామనుకుంటరు. ఆ రాత్రి మెర్సిడెస్ ఒక్కతే వచ్చి, ‘ఎడ్మండ్’ అని పేరుతోని పిలిచి, కొడుకు ప్రాణం అడుగుతది. శత్రువు కొడుకు కోసం తాను చావడానికి ఒప్పుకుంటడు ఎడ్మండ్. తెల్లారి ఆల్బర్టే క్షమాపణ అడుగుతడు. సొంత కొడుకని తెలిసినంక ఏ తండ్రి అయినా ఆయుధం దించుతడు, దాంట్ల త్యాగం ఏమున్నది?

కాజీపేట జంక్షన్
అక్కా, పుస్తకం వరకు మీ మాట నిజమే. కానీ నవల 117 అధ్యాయాలు, పూర్తి అనువాదం 1,200 పేజీలు దాటుతది. సినిమా 131 నిమిషాలు. నవల ఆఖర్ల కౌంట్ వెంట పోయే హేడీ లేదు, విల్‌ఫోర్ దాచిన కొడుకు బెనెడెట్టో లేడు, ప్రేమజంట వాలెంటైన్, మాక్సిమిలియన్ లేరు. ఇంతమందిని తీసినంక మిగిలిన బరువు ఎవరో ఒకరి మీద పడాలె. అందుకే ఫెర్నాండ్‌ను ఎడ్మండ్‌కు చిన్నప్పటి దోస్తును చేసిండ్రు, చదరంగంల రాజు పావును దోస్తీ గుర్తుగ ఇద్దరి చేతుల మధ్య తిప్పిండ్రు. ఫెర్నాండ్‌ను కాపాడటానికి ఆల్బర్ట్ కత్తి దూసినప్పుడు మెర్సిడెస్ నిజం చెప్పుడు తెర మీద గట్టిగ పండింది. 89వ అధ్యాయం అంత మాటల మీద నడుస్తది, సినిమాకు కంటికి కనపడే మలుపు కావాలె.

హుజూరాబాద్ పాతపుస్తకాలు
కొడుకు సంగతి కన్నా పెద్ద నష్టం పగ తీరే తీరుల ఉన్నది. నవలల ఎడ్మండ్ ఎవల్నీ కత్తితోని పొడవడు. ఒక్కొక్కని బలహీనతనే వాని మెడకు చుడతడు. 60, 61 అధ్యాయాలు చూడుండ్రి. అది కరెంటు తంతి కాదు, బురుజు మీద కర్రచేతులు ఆడించి సంకేతాలు పంపే టెలిగ్రాఫ్. అక్కడి ఉద్యోగి జీతం ఏడాదికి 1,000 ఫ్రాంకులు, పదిహేనేండ్ల సర్వీసు. చిన్న తోట తప్ప వేరే ధ్యాస లేదు, పండ్లన్ని డార్మౌస్‌లనే ఎలుకల పాలు. కౌంట్ 25,000 ఫ్రాంకులు చేతుల పెట్టి ఒక తప్పుడు సంకేతం పంపిస్తడు. స్పెయిన్ గద్దె నాదని కొట్లాడిన డాన్ కార్లోస్ స్పెయిన్‌ల దిగిండని పుకారు పుడుతది. డాంగ్లార్ భయంతోని స్పెయిన్ బాండ్లు అమ్ముకుంటడు. తెల్లారి అది అబద్ధమని పత్రికల వస్తది, ధర మళ్ల లేస్తది. నష్టం, రావలసిన లాభం కలిపితే పది లక్షల ఫ్రాంకుల తేడా. ముట్టుకోకుండ కూలగొట్టుడంటే అది. సినిమాల డాంగ్లార్ దొంగతనంల దొరికిపోతడు, అంతే.

జనగామ రవళి
ఇంకోటి, పగకు చెల్లించే ధర. విల్‌ఫోర్ భార్య విషం తాగుతూ చిన్నపిల్లగాడు ఎడ్వార్డ్‌కు కూడ పెడుతది. 111వ అధ్యాయంల కౌంట్ ఆ పిల్లగాన్ని బతికించాలని చూసి ఓడిపోతడు. దేవుడు తన పక్షాన ఉన్నడన్న నమ్మకం అక్కడ వణుకుతది. అందుకే తర్వాత డాంగ్లార్‌ను చంపడు. దొంగల చెరల తినే ఒక్క కోడికి లక్ష ఫ్రాంకులు కట్టించి, ఆఖరికి 50,000 ఉంచుకొమ్మని వదిలిపెడతడు. 2002 సినిమాల ఎడ్వార్డ్ లేడు, ఆ వణుకూ లేదు.

కాజీపేట జంక్షన్
ఎడ్వార్డ్ విషయంల ఒప్పుకుంటున్న, సినిమాకు అది పెద్ద లోటే. కానీ కొడుకు మలుపును మాత్రం వదల. 178 నిమిషాల 2024 ఫ్రెంచి సినిమా అంత నిడివి పెట్టుకొని కూడ హేడీని ఆల్బర్ట్‌కు జత చేసింది. అంటే ఆ తరం పిల్లలకు ఒక దారి చూపకుండ తెర మీద కథ ముగియదని తీసెటోళ్లకు తెలుసు.

హుజూరాబాద్ పాతపుస్తకాలు
చర్చ పెట్టెటోళ్లకు ఒక మాట. సినిమా ముందు చూపిస్తే 89వ అధ్యాయంల మెర్సిడెస్ ‘నా కొడుకు’ అన్న మాటకు చదివెటోళ్లు సినిమా అర్థమే చెప్పుకుంటరు. 60, 61, 88, 89, 111 ముందు చదివించుండ్రి, ఆ తర్వాతనే సినిమా. ఇంగ్లిషుల 1846 నాటి పాత అనువాదం కన్నా రాబిన్ బస్ చేసిన పూర్తి అనువాదం మేలు, పాతదాంట్ల అప్పటి మర్యాదల కోసం కొన్ని చోట్ల మెత్తబరిచిండ్రు. సంక్షిప్త ప్రతి కొంటే అధ్యాయాల పట్టికల టెలిగ్రాఫ్ ఉన్నదో లేదో చూసి కొనుండ్రి.