అన్నమయ్య కీర్తనకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అక్క కూతురు పాడిన నాలుగు అన్నమయ్య కీర్తనలు ఇక్కడే ఒక చిన్న స్టూడియోలో రికార్డ్ చేయించి యూట్యూబ్‌లో పెట్టాం. రెండింటికి ఏదో ఆడియో కంపెనీ క్లెయిమ్ వేసింది. వీడియోలు తీసేయలేదు గానీ యాడ్స్ డబ్బు వాళ్లకే పోతుందట. పాపకు ఒకటే టెన్షన్.

అన్నమయ్య 1503లో పరమపదించారు, సాహిత్యం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. చిక్కంతా బాణీ దగ్గరే. రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఇవాళ మనం పాడేవి చాలావరకు గత శతాబ్దపు విద్వాంసులు కట్టిన వరసలు. స్వరకర్త పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది కాబట్టి, 1979లో పోయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి బాణీలకు కూడా ఇంకా గడువు తీరలేదు.

విడ్డూరం ఏంటంటే, ఆ రెండింటిలో ఒకటి పాప గురువుగారు సొంతంగా కట్టిన వరస! శ్రుతి కోసం స్టూడియో ఆయన రెడీమేడ్ తంబూరా లూప్ (ముందే రికార్డ్ చేసి, మళ్లీ మళ్లీ మోగేలా పెట్టే ముక్క) వాడారు. మొదట్లో కాసేపు అదొక్కటే వినిపిస్తుంది, క్లెయిమ్ కూడా సరిగ్గా అక్కడే చూపిస్తోంది. దీనికి డిస్ప్యూట్ వేయొచ్చా? లూప్ లైసెన్స్ కాగితం చూపిస్తే సరిపోతుందా? వాళ్లు ఒప్పుకోకపోతే చానెల్‌కు స్ట్రైక్ (యూట్యూబ్ వేసే కాపీరైట్ హెచ్చరిక) పడుతుందా?

రెండోదాని బాణీకి అనుమతి ఎవరిని అడగాలి, స్వరకర్త వారసులనా, కంపెనీనా, పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సంస్థనా?

ఇంకోటి. డబ్బంతా మేమే కట్టాం, అయినా స్టూడియో వాళ్లు మిక్స్ తప్ప గొంతు, మృదంగం, వయొలిన్ ట్రాకులు విడిగా ఇవ్వం అంటున్నారు. బిల్లు మా దగ్గరుంది. అడిగే హక్కు మాకు ఉందా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.