క్రీడోత్సవం ఫొటో టీమ్: ఎవరు ఎక్కడ నిలబడాలి?

ఫొటో కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. డాలస్‌లో మన సంఘం క్రీడోత్సవానికి ఇంకా మూడు వారాలే ఉంది. పోయినేడాది ఫొటోలు నిన్న రాత్రి మళ్ళీ తిరగేశాను. కబడ్డీవే నాలుగు వందల పైచిలుకు. అందులో కూతకు వెళ్ళినవాడి మొహం కనిపించేవి పట్టుమని పది లేవు. మిగతావన్నీ వీపులే. జెర్సీల వెనక స్పాన్సర్ల పేర్లు మాత్రం బ్రహ్మాండంగా పడ్డాయి.

తప్పు కెమెరాలది కాదు. అందరం స్కోరర్ బల్ల దగ్గర, టీ ఫ్లాస్కు పక్కనే పాతుకుపోయాం. ఈసారి ఒకరు కోర్టు వెనక గీత అవతల నేల మీద కూర్చోవాలి. కూతకొచ్చేవాడు నేరుగా మీ మీదికే వస్తాడు, పట్టేవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి అతని కళ్ళు కూడా కనిపిస్తాయి. ఇంకొకరు మధ్య గీతకు సూటిగా, పక్కన. నలుగురు మీద పడి లాగుతున్నా ఆ గీత కోసం వేళ్ళు చాపుతాడే, అది అక్కణ్ణుంచే దొరుకుతుంది. కూత ముప్ఫై సెకన్లే, జట్లు మార్చి మార్చి వెళ్తాయి. కాబట్టి అటూ ఇటూ పరుగెత్తొద్దు. కూర్చున్న చోటే ఉంటే మీ వైపు కూత దానంతటదే వస్తుంది.

షటర్ 1/800 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో 6400 దాకా వదిలేయండి. ఫొటో కాస్త గరుగ్గా ఉన్నా పర్లేదు, చెయ్యి అలుక్కుపోతే మాత్రం బాగుచేయలేం. ఫోకస్ కదిలే మనిషిని వెంటాడేలా పెట్టండి: కెనాన్‌లో సర్వో, నైకాన్, సోనీల్లో ఏఎఫ్-సి.

వాలీబాల్ వాలంటీర్:
అన్నా, నా దగ్గర కెమెరాతో పాటు వచ్చిన జూమ్ లెన్సే ఉంది. వెలుతురు చాలదేమో, ఫ్లాష్ వేసుకోనా?

ఫొటో కోఆర్డినేటర్:
వద్దే వద్దు తమ్ముడూ. బంతి కోసం తలెత్తినవాడి కళ్ళల్లో కొడుతుంది. మనిద్దరివీ కెనాన్‌లే కదా, నా 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తీసుకెళ్ళు, ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు. నీ జూమ్ చివరిదాకా లాగితే ఎఫ్/5.6. దానికంటే దీంట్లోకి దాదాపు పదింతల వెలుతురు వస్తుంది. బంతి వెంట పడకు. సెట్టర్ (స్మాష్‌కి బంతి లేపి ఇచ్చేవాడు) వేళ్ళ మీంచి బంతి లేవగానే స్మాష్ కొట్టేవాడి మీదికి తిప్పి, నొక్కి పట్టుకో.

త్రోబాల్ వాలంటీర్:
తమ్ముడూ, పోయినసారి జిమ్‌లో నా ఫొటోల్లో అడ్డంగా చారలు పడ్డాయి. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడ్డాను.

ఫొటో కోఆర్డినేటర్:
కెమెరా బాగానే ఉందక్కా, లైట్ల వల్ల అది. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకు 120 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలీదు, వేగంగా తెరిచి మూసే షటర్‌కి తెలుస్తుంది. మెనూలో యాంటీ-ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. సైలెంట్ షటర్ పెట్టి ఉంటే తీసేసి మెకానికల్‌కి మార్చండి. చాలావరకు తగ్గుతుంది. ముందురోజు కోర్టులు సర్దడానికి ఎలాగూ వెళ్తాం, అప్పుడే నాలుగు తీసి చూద్దాం.

రిజిస్ట్రేషన్ టీమ్:
పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో వద్దన్న తల్లిదండ్రులున్నారు. ఆ పిల్లల చేతికి ఎర్ర రిబ్బన్ కడుతున్నాం. తీసే ముందు చెయ్యి చూడండి.

ఫొటో కోఆర్డినేటర్:
మంచి పని చేశారు. ఫోన్లతో తీసేవాళ్ళకు ఒక్క మాట: మిర్చి బజ్జీ తిన్న వేళ్ళతో లెన్స్ ముట్టుకుంటే లైట్లన్నీ పొగమంచులో ఉన్నట్టు పడతాయి. చొక్కా అంచుతోనైనా తుడవండి. జూమ్ చేయకుండా రెండడుగులు ముందుకు జరగండి, గీత దాటకుండా.

ఉదయం ఏడింటికి క్రికెట్ మొదలయ్యేలోపు పార్కింగ్‌లో కలిసి అందరి కెమెరాల్లో టైమ్ ఒకేలా పెట్టుకుందాం. పోయినసారి ఒకరిది ఇండియా టైమ్‌లో ఉండిపోయింది, పదిన్నర గంటలు ముందు. ఆల్బమ్‌లో బహుమతులు ఇచ్చేశాక టాస్ వేస్తున్నారు.

క్రికెట్ వాలంటీర్:
అది నాదే అన్నా. ఇప్పుడే మార్చేశాను.

ఫొటో కోఆర్డినేటర్:
సరే. కబడ్డీ వెనక గీత దగ్గర ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. మోకాళ్ళ నొప్పుల్లేనివాళ్ళు చెప్పండి.