హాస్టల్ గదిలో బయోడీజిల్ చేయొచ్చా? మిథనాల్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

గుంటూరు_కుర్రాడు: వాడేసిన వంటనూనెతో బయోడీజిల్, మా ప్రాజెక్టు. లీటరు నూనెకి దాదాపు 200 మి.లీ. మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా. కాలేజీ ల్యాబ్ దొరకడం లేదు. గదిలో కరెంటు స్టవ్ మీద కానిచ్చేద్దామా అని.

క్యూసీ_నైట్‌షిఫ్ట్: వద్దు తమ్ముడూ. మిథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది, మీరేమో 60 దగ్గర వేడి చేస్తారు. మామూలు గది వేడికే అంటుకునేంత ఆవిరి వస్తుంది. మందుల కంపెనీలో హెచ్‌పీఎల్‌సీకి (మందుల్లో ఏది ఎంత ఉందో తేల్చే యంత్రం) మేం రోజూ వాడతాం, వేస్ట్ బాటిల్ మూత తెరిచి ఉంటే ఇన్‌ఛార్జి ఊరుకోడు. పైగా పగటి వెలుతురులో దీని మంట కంటికి ఆనదు. 1981 ఇండియానాపోలిస్ కార్ల రేసులో మిథనాల్ ఇంధనం పడి డ్రైవర్ రిక్ మియర్స్ అంటుకుంటే, కాలుతున్నాడని చుట్టూ ఉన్నవాళ్ళకి వెంటనే తెలియలేదు.

పాలిష్_పని: మేం లక్క కరిగించే స్పిరిట్‌లో కూడా ఇదే ఉంటుందా? వాసన మందులాగే కొడుతుంది. మాలో ఒకరిద్దరు గుటకేసే రకం, అందుకే అడుగుతున్నా.

డ్యూటీ_డాక్టర్: ఉండొచ్చండి. వాసన, రుచి చూసి తేల్చలేరు. ఒక్క గుటక కూడా వద్దని గట్టిగా చెప్పండి. 30 మి.లీ. మిథనాల్ ప్రాణం తీయగలదు, అంతకంటే తక్కువకే చూపు పోవచ్చు. తాగిన రోజు మామూలు మత్తే. లివర్ దాన్ని ఫార్మిక్ యాసిడ్‌గా మార్చేసరికి సగం రోజో, ఒక రోజో పడుతుంది. అప్పుడు కడుపునొప్పి, ఆయాసం, కళ్ళ ముందు తెల్లటి మసక. హ్యాంగోవర్ అనుకుని పడుకుంటే అంతే. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా పోయింది ఈ మిథనాల్ కలిసిన సారాతోనే.

సందేహం_సుబ్బు: విస్కీ పడితే విరుగుడంటారు, నిజమేనా? 😀

డ్యూటీ_డాక్టర్: నవ్వులాట కాదు, సగం నిజం. ఇథనాల్ ఉంటే లివర్ ముందు దాని పని పడుతుంది, ఈలోగా మిథనాల్ విషంగా మారదు. కానీ అది ఆసుపత్రిలో లెక్క చూసి ఇచ్చేది. ఫోమెపిజోల్ అనే విరుగుడు మందు ఉంటే ఇంకా మేలు, చాలామందికి డయాలసిస్ కూడా కావాలి. ఇంట్లో పెగ్గు పోస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

గుంటూరు_కుర్రాడు: సరే అన్నా, హెచ్ఓడీని పట్టుకుని ల్యాబే అడుగుతా. గ్లవ్స్ ఏవి కొనాలి?

క్యూసీ_నైట్‌షిఫ్ట్: బ్యుటైల్ రబ్బరువి. పల్చటి నైట్రైల్‌వి ఎక్కువసేపు ఆపవు, తడిస్తే వెంటనే మార్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మిగిలింది మాత్రం మంచినీళ్ళ బాటిల్లో పోసి పెట్టకు.