‘ఫోకస్’లో ఆ 55 సీను మీరు నమ్మారా?

మారతహళ్లి రూమ్: 2015లో వచ్చిన ‘ఫోకస్’ సినిమా రాత్రి నలుగురం చూశాం. విల్ స్మిత్ అందులో మోసగాళ్ల ముఠా నడుపుతాడు. జేబులు కొట్టే సీన్లు అదిరాయి. ఆ విద్యలో ఆరితేరిన అపోలో రాబిన్స్ నేర్పించాడు మరి. స్టేడియం పందెం దగ్గరే నీరుగారిపోయింది. పందెం కాసేవాడు ఏ ఆటగాడి నంబరైనా మనసులో అనుకోవచ్చు, దాన్ని స్మిత్ వైపువాళ్లు కనిపెట్టాలి. వాడు 55 అనుకునేలా పొద్దున్నుంచీ కళ్ల ముందు ఆ అంకే తిప్పారట. అలా ఎవడైనా అనుకుంటాడా?

కేఆర్ పురం: సూపర్ సీను అది.

అనంతపురం అక్క: నా బాధ 55 కాదు. న్యూ ఓర్లీన్స్‌లో అంతమంది పర్సులు, వాచీలు కొట్టేశారు. పోగొట్టుకున్నవాళ్లలో ఒక్కరి ముఖమైనా గుర్తుందా?

మారతహళ్లి రూమ్: అది వేరే విషయం అక్కా. వాడు 56 అని ఉంటే? దానికి జవాబు చెప్పండి.

జయనగర్: క్లైమాక్సే చెత్త. హీరోను కన్నతండ్రే ఛాతీ మీద కాల్చి, డబ్బు కూడా పట్టుకుపోతాడు.

అనంతపురం అక్క: నేను అడిగింది ఎవరూ చెప్పరేం?

మారతహళ్లి రూమ్: ఎందుకు చూపించాలక్కా? ఆశ ఉన్నవాడే మోసపోతాడు. ఆ పందెం వాడికి కోట్లున్నా ఇంకా కావాలి.

అనంతపురం అక్క: మాకేం ఆశ? 2022లో హొరమావులో 14 లక్షలిచ్చి ఇల్లు లీజుకు తీసుకున్నాం. నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కిస్తారు. బెంగళూరులో అందరూ చేసేదే. మధ్యలో ఉన్న ఏజెంటు ఓనరుకు మాత్రం నెల అద్దెకు ఇచ్చానని చెప్పాడు. మా డబ్బులోంచే ఎనిమిది నెలలు అద్దె కట్టి మాయమయ్యాడు. అద్దె రాలేదని ఓనరు వచ్చి తలుపు కొడితే గానీ మాకు తెలియలేదు. ‘అంత ఆశ ఎందుకమ్మా’ అని మా మామగారే అన్నారు. మీరూ అదే మాట అంటున్నారు.

మారతహళ్లి రూమ్: ఓనరుతో ఒక్కసారి మాట్లాడి ఉండాల్సింది.

అనంతపురం అక్క: ఓనరు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ అని కాగితం చూపించాడు. అది దొంగదని మాకెలా తెలుస్తుంది?

కేఆర్ పురం: 420 కేసు పెట్టారా?

జయనగర్: ఇప్పుడు 420 లేదు. 2024 జులై 1 నుంచి న్యాయ సంహితలో సెక్షన్ 318.

అనంతపురం అక్క: మాది 2023లో పెట్టిన కేసు. 420 కిందే నడుస్తోంది. పైసా రాలేదు.

మారతహళ్లి రూమ్: అక్కా, మిమ్మల్ని అనాలని కాదు. మా నాన్న చీటీలో 6 లక్షలు పోగొట్టుకున్నాడు. తప్పు నీదేనని ఇంట్లో అందరం గట్టిగా అన్నాం. అలా అనకపోతే మళ్లీ కట్టేవాడు. మన తప్పేం లేదనుకుంటే రేపు జాగ్రత్తపడటం ఎలా?

అనంతపురం అక్క: ఆ చీటీ నడిపినవాడిని మీలో ఎవరైనా వెళ్లి గట్టిగా అడిగారా తమ్ముడూ?

మారతహళ్లి రూమ్: లేదు. మా ఊరివాడే. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తే పలకరిస్తాం.

అనంతపురం అక్క: మీ నాన్నగారు?

మారతహళ్లి రూమ్: ఆయన పెళ్లిళ్లకు రావడం మానేశాడు.

బాణసవాడి: అక్కా, వచ్చే నెల మేమూ హొరమావులోనే లీజుకు చూస్తున్నాం. ఏజెంటు ఓనరు నంబరు ఇవ్వనంటున్నాడు. అడ్వాన్స్ ఆపేస్తున్నా. మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.